కొత్త జంటకు ఖాళీ సమయం: వారం లెక్క నుంచి ఏడాది క్యాలెండర్ దాకా

పెళ్లయి ఏడాది కాలేదు, ఇద్దరికీ ఉద్యోగాలు, ఇంట్లో పిల్లల్లేరు. లెక్కప్రకారం ఖాళీ బోలెడంత ఉండాలి. కానీ ఆదివారం రాత్రయ్యేసరికి ఈ రెండు రోజులూ ఎటు పోయాయో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసమే ఈ మార్గదర్శి. పిల్లలు ఇప్పుడే వద్దనుకున్నా, అసలే వద్దనుకున్నా పద్ధతి ఒకటే.

చాలామంది టూర్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. వరస అది కాదు. ముందు వారం లెక్క, తర్వాత ఇంటిపని తగ్గించుకోవడం, ఆ తర్వాత ఎవరి సమయం వారికి, అటుపైన ఇద్దరూ కలిసి చేసేది. ప్రయాణాలు చివర్లో వస్తాయి. ఈ వరస మారితే మధ్యలోనే గొడవ మొదలవుతుంది.

## 1. ఏడు రోజుల లెక్క రాయండి

వారానికి 168 గంటలు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసే ఒకరి వారం ఇంచుమించు ఇలా ఉంటుంది:

- నిద్ర: 56
- ఆఫీసు, కాల్స్: 50
- రాకపోకలు: 10
- ఇంటిపని: 14
- స్నానం, భోజనం, తయారవడం: 10

మొత్తం 140. మిగిలింది 28 గంటలు, అంటే రోజుకు నాలుగు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, అందుకే రాసి చూడాలి.

ఇద్దరూ విడివిడిగా రాయండి. గంటగంటకూ రాయాలనుకుంటే రెండో రోజే మానేస్తారు. పొద్దున టిఫిన్ దగ్గర, సాయంత్రం ఇంటికి రాగానే, పడుకునే ముందు, ఇలా రోజుకు మూడుసార్లు చాలు. ఫోన్‌ మీద గడిపిన సమయాన్ని గుర్తుమీద రాయకండి, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూపించే అంకెనే వేసుకోండి.

వారం అయ్యాక ఒక్కో ముక్కకూ గుర్తు పెట్టండి: పని, విశ్రాంతి, ఎటు పోయిందో తెలియనిది. మనకు కావాల్సింది ఈ మూడోది. ఇది గంటలకొద్దీ ఒకేచోట దొరకదు. ఆఫీసు నుంచి వచ్చాక వంట మొదలయ్యేలోపు అరగంట, భోజనమయ్యాక సోఫాలో ముప్పావుగంట, శనివారం "ఏం చేద్దాం" అనుకుంటూ మధ్యాహ్నం దాకా, ఇలా ముక్కలుగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. పెళ్లో పండగో ఉన్న వారాన్ని లెక్కకు తీసుకోవద్దు. ఒకరి కాగితం మీద ఇంకొకరు వ్యాఖ్యానించవద్దు. "రెండు గంటలు రీల్సా?" అన్నారంటే మర్నాటి నుంచి అవతలివాళ్లు నిజం రాయరు.

## 2. ఇంటిపనిని కుదించండి

ఖాళీ సమయంలో ఎక్కువ భాగం వచ్చేది ఇక్కడి నుంచే. కాబట్టి ఈ మెట్టు తొందరగా దాటేయకండి.

మొదట పనులన్నీ కాగితం మీద పెట్టండి. వంట, గిన్నెలు, బట్టలు అందరికీ కనిపిస్తాయి. కనిపించనివి కూడా రాయాలి: గ్యాస్ బుక్ చేయడం, పాల లెక్క, నీళ్ల క్యాన్, కరెంటు బిల్లు, పనిమనిషి రాని రోజు ఏం చేయాలన్న ఆలోచన, ఫ్రిజ్‌లో ఏది పాడైపోబోతోందో గుర్తుపెట్టుకోవడం.

పంచుకునేటప్పుడు సూత్రం ఒక్కటే: ఒక పని మొదటి ఆలోచన నుంచి ఆఖరి సర్దుబాటు దాకా ఒకరిదే. కూరగాయలు తన వంతు అయితే ఏమున్నాయో చూడటం, చీటీ రాయడం, కొనడం, ఏరి సర్దడం అన్నీ తనవే. "ఏం తేవాలో చెప్పు, తెస్తాను" అంటే సగం పని అవతలివాళ్ల నెత్తినే ఉంది. చాలా ఇళ్లలో ఆ సగం భార్య మీదే పడుతుంది, ఆమె కూర్చుని ఉన్నా ఖాళీగా లేనట్టే.

ఇక వంటిల్లు. వారానికి ఒకసారి ఇద్దరూ కలిసి రెండు గంటలు పెడితే మిగతా రోజుల్లో వంట అరగంటకు దిగుతుంది.

దోశ పిండి. ఒక గ్లాసు మినపగుళ్లు, మూడు గ్లాసుల బియ్యం, ఒక చెంచా మెంతులు. ఐదారు గంటలు నానబెట్టి రుబ్బి, రాత్రంతా బయట ఉంచి, పులిశాక ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇద్దరికి నాలుగు పూటల టిఫిన్ వస్తుంది. ఉప్పు మొత్తం పిండిలో కాకుండా ఆ పూటకు తీసుకున్నదాంట్లోనే కలపండి.

అల్లం వెల్లుల్లి. సమపాళ్లలో రెండూ కలిపి పావుకిలో, చెంచా ఉప్పు, రెండు చెంచాల నూనె. నీళ్లు పోయకుండా నూరి, పొడి గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా పెట్టకపోతే రెండు వారాలు నిలుస్తుంది.

ఆకుకూరలు. కడగకుండా వేర్లు కోసేసి, ముదురు కాడలు, పాడైన ఆకులు ఏరేసి, పొడిబట్టలో చుట్టి పెట్టండి. కడిగి పెడితే రెండో రోజుకే నల్లబడతాయి.

అలసిన రాత్రి భోజనం. వారానికి ఒకటి రెండు రాత్రులు కందిపొడి, నెయ్యి, పచ్చడి, పెరుగుతో సరిపెట్టుకుందామని ముందే అనుకోండి. ఆ రాత్రే యాప్ తెరిస్తే ఏం తిందామో తేల్చుకోవడానికి ఇరవై నిమిషాలు, వచ్చేదాకా ఎదురుచూపుకు ముప్పావుగంట పోతుంది. రైస్ కుక్కర్‌ పెట్టి స్నానం చేసొచ్చేలోపు అన్నం అయిపోతుంది.

చేయకూడనిది ఒకటుంది. ఆదివారమే వారానికి సరిపడా కూరలన్నీ వండేయకండి. బుధవారానికి వాటి మొహం చూడబుద్ధి కాదు, పారబోసి బయట తింటారు. వండినవి రెండు రోజులకు మించి ఉంచొద్దు. ముందుగా సిద్ధం చేయాల్సింది పిండి, ముద్ద, తరిగిన కూరగాయలు మాత్రమే.

బట్టలు వారానికి రెండుసార్లు, పనిరోజు రాత్రే మెషీన్లో వేయండి. ఇస్త్రీ బయటికివ్వండి. గిన్నెలకు, ఇల్లు తుడవడానికి మనిషిని పెట్టుకునే వెసులుబాటు ఉంటే అది దుబారా కాదు, ఆ డబ్బుతో వారానికి ఐదారు గంటలు కొంటున్నారు. అయితే అలా మిగిలిన గంటలకు ఆ రోజే ఒక పేరు పెట్టండి, లేకపోతే అవి కూడా ఫోన్‌కే పోతాయి.

## 3. ఎవరి సమయం వారికి

కొత్త జంటలు ఎక్కువగా దాటేసే మెట్టు ఇదే. పెళ్లైన కొత్తలో ప్రతి ఖాళీ గంటా కలిసే గడపాలనిపిస్తుంది. ఆరేడు నెలలయ్యాక ఒకరికి పాత స్నేహితులు దూరమయ్యారన్న బాధ, ఇంకొకరికి సంగీతం ప్రాక్టీసో ఆదివారం క్రికెట్టో ఆగిపోయిందన్న అసంతృప్తి మొదలవుతాయి. అది బయటికొచ్చేది మాత్రం గిన్నెల గొడవగా.

ఒక్కొక్కరికి వారానికి రెండు దఫాలు, దఫాకు రెండు గంటలు కేటాయించండి. దానికి నియమాలు:

- రోజు, సమయం ముందే క్యాలెండర్‌లో ఉండాలి.
- ఆ సమయంలో ఇంటిపని చెప్పకూడదు, ఎందుకని అడగకూడదు.
- ఎక్కడికి వెళ్తున్నారో చెప్పడం సమాచారం కోసమే, అనుమతి కోసం కాదు.
- ఆ రెండు గంటలూ నిద్రపోయినా తప్పులేదు.
- చిన్న ఇల్లయితే ఒక గది తలుపు వేసుకోవచ్చు. బయట ఉన్నవాళ్లు పిలవకూడదు.

ఒకరి దఫా రద్దయితే ఆ వారంలోనే ఇంకోచోట ఇవ్వాలి. వరసగా మూడు వారాలు ఒకరిదే రద్దవుతోందంటే రెండో మెట్టులో పంపకం సరిగ్గా జరగలేదని అర్థం. అక్కడికి వెనక్కి వెళ్లండి.

## 4. కలిసి చేసే పనిని ఆరు వారాలు పరీక్షించండి

ఇద్దరూ విడిగా చెరో పది రాయండి. ఈత, బ్యాడ్మింటన్, కొత్త వంటలు, బాల్కనీ తోట, నాటకాలు చూడటం, ఏదైనా. ఆపై కాగితాలు మార్చుకుని ఒక్కోదాని పక్కన మూడింట్లో ఒకటి రాయండి: "నాకూ ఇష్టమే", "నీకోసం వస్తాను", "నావల్ల కాదు". ఇద్దరికీ ఇష్టమైనది ఒక్కటి దొరికినా చాలు. దొరక్కపోతే చెరో జాబితా నుంచి "వస్తాను" అన్నది ఒకటి తీసుకుని మూడేసి వారాలు చేసి చూడండి.

ఎంచుకునేటప్పుడు ఇవి చూసుకోండి:

- ఇంటి నుంచి అరగంటలోపు దూరం
- ఒక్కో దఫా గంటన్నర మించకుండా
- ఏడాది చందా కట్టకుండా, నెల చొప్పున
- సామాను అద్దెకో అరువుకో

చందా, సామాను విషయంలో గట్టిగా ఉండండి. ఖరీదైన రాకెట్లు, కెమెరాలు ముందే కొనేస్తే ఇష్టం తగ్గాక కూడా డబ్బు కోసం లాక్కురావాల్సి వస్తుంది.

ఒకరికి ఆట బాగా వచ్చి, ఇంకొకరు కొత్త అయితే ఎదురెదురుగా ఆడకండి. ఇద్దరూ ఒకే జట్టుగా డబుల్స్ ఆడండి. నేర్పే బాధ్యత కోచ్‌కే వదిలేయండి, భార్యాభర్తల మధ్య పాఠం తొందరగా తప్పుపట్టడంగా మారుతుంది.

బయటికి వెళ్లే ఓపిక లేనివాళ్లకు బాల్కనీలో ఆకుకూరలు మంచి మొదలు. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగిలే చోటు కావాలి. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులు నాలుగు తీసుకోండి. రెండు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు వర్మికంపోస్టు, ఒక వంతు తడిపి పిండిన కొబ్బరి పొట్టు కలపాలి. మొదట మెంతికూర, తోటకూర వేయండి. మెంతి మూడు వారాలకు, తోటకూర నాలుగు వారాలకు కోతకొస్తాయి. నాలుగు సంచులూ ఒకేరోజు కాకుండా రెండు రెండుగా, పదిహేను రోజుల తేడాతో వేస్తే కోత ఆగదు.

ఇందులో చెడేది రెండుచోట్ల. తోటకూర విత్తనం మరీ చిన్నది, లోతుగా పాతితే మొలవదు. పైన చల్లి పలచగా మట్టి రాల్చాలి. రెండోది, ఇద్దరూ ఎవరికివారు నీళ్లు పోసేయడం. వేర్లు కుళ్లిపోతాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఒకరు, మిగతా రోజులు ఇంకొకరు అని పంచుకోండి. వేలు పెట్టి చూసి, అంగుళం లోతు దాకా తడి ఉంటే ఆ రోజు పోయొద్దు. ఎండ తక్కువ తగిలే బాల్కనీ అయితే వీటిని వదిలి పుదీనా పెట్టండి.

ఆరో వారం చివర అడగాల్సింది ఒకటే: రేపటి నుంచి ఇది లేకపోతే ఇద్దరిలో ఎవరికైనా వెలితి అనిపిస్తుందా? లేదనిపిస్తే మానేసి జాబితాలో రెండోది అందుకోండి.

## 5. పనిరోజు సాయంత్రాలు

వారానికి రెండు సాయంత్రాలు, నలభై నిమిషాల చొప్పున చాలు. ఐదూ కావాలనుకుంటే ఒక్కటీ నిలవదు. భోజనమయ్యాక ఫోన్లు పక్క గదిలో చార్జింగ్‌కు పెట్టి నడవండి, లేదా క్యారమ్స్ బోర్డు ముందు కూర్చోండి.

ఒకరికి రాత్రి అమెరికా కాల్స్ ఉంటే సాయంత్రం కోసం పట్టుబట్టకండి, పొద్దున కాఫీ సమయానికి మార్చండి. షిఫ్టులు పూర్తిగా వేరైతే ఇద్దరూ మేలుకుని ఇంట్లో ఉండే గంటలు ఎన్నో గుర్తించి, ఆ గంటల్లో ఇంటిపని పెట్టుకోకండి. గిన్నెలు ఒక్కరైనా కడగొచ్చు.

సినిమాలు, సిరీస్‌లు చూస్తే ఏం చూడాలో ముందురోజే తేల్చుకోండి, ఎంపిక వంతులవారీగా ఉండాలి. తెరముందు కూర్చుని ట్రైలర్లు తిప్పడం మొదలుపెడితే ఆ రాత్రి అక్కడికే సరి.

## 6. వారాంతం: నాలుగు పూటలు

శని, ఆదివారాలను రెండు రోజులుగా కాక నాలుగు పూటలుగా చూడండి. ఒకటి ఇంటిపనికి, ఒకటి ఇద్దరూ కలిసి బయటికి, ఒకటి మనుషులకు (అమ్మానాన్నలు, అత్తమామలు, స్నేహితులు), ఒకటి పూర్తిగా ఖాళీ. ఖాళీ పూటను ఖాళీగానే ఉంచాలి. ఎవరో పిలిచారని దాన్ని నింపేస్తే సోమవారం ఇద్దరూ అలసటతోనే మొదలవుతారు.

ఏ పూట ఏమిటో గురువారం రాత్రి పావుగంటలో తేల్చండి. శనివారం పొద్దున తేల్చుకుందామనుకుంటే ఆ పూట తేల్చుకోవడానికే సరిపోతుంది.

బయటికి వెళ్లే పూటకు ఒకే చోటు ఎంచుకోండి. హైదరాబాద్‌లో కొన్ని సూచనలు: పొద్దున్నే అయితే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ లేదా కేబీఆర్ పార్క్. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు. సాలార్‌జంగ్ మ్యూజియంకు, చౌమహల్లాకు శుక్రవారం సెలవు, వీటికి శనివారం పొద్దున తెరవగానే వెళ్తే రద్దీ తక్కువ. సాయంత్రం రవీంద్రభారతిలో నృత్యమో నాటకమో. విజయవాడ వాళ్లకు ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట పూటలో తిరిగి వచ్చే దూరమే. విశాఖలో తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాలు రెండూ ఒకే ఉదయం చూడొచ్చు.

## 7. మొదటి ఏడాది క్యాలెండర్

తెలుగిళ్లలో పెళ్లైన మొదటి ఏడాది వారాంతాలు సగం మీ చేతిలో ఉండవు. అది ముందే ఒప్పుకుని రాసుకుంటే మిగతా సగమైనా దక్కుతుంది.

ఏడాది క్యాలెండర్ గోడకు పెట్టి ఈ వరసలో నింపండి:

1. ఇరువైపులా తప్పనిసరి పండగలు. మొదటి సంక్రాంతికి, దసరాకి, దీపావళికి అమ్మాయి పుట్టింటి పిలుపు ఉంటుంది. శ్రావణంలో మంగళగౌరీ నోము పట్టే ఇల్లయితే ఆ మంగళవారాలు, వరలక్ష్మీ వ్రతం శుక్రవారం.
2. ఆషాఢం. అమ్మాయి పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ పాటించేవాళ్లు ఆ నెలను సొంత పనులకు, స్నేహితులకు వాడుకోండి.
3. దగ్గరివాళ్ల పెళ్లిళ్లు. కొత్త జంట కాబట్టి అందరూ పిలుస్తారు. తోబుట్టువులు, వాళ్ల పిల్లలు, ఆప్తమిత్రులవి అయితే వెళ్లండి. మిగతావాటికి ఒకరు వెళ్లినా, రిసెప్షన్‌కు గంట వెళ్లొచ్చినా మర్యాద దక్కుతుంది.
4. కొత్త దంపతులకు బంధువులు పెట్టే భోజనాలు. ఒకే పేటలో ఉన్నవాళ్లవి ఒకే రోజు మధ్యాహ్నం, రాత్రి అని కలపండి.
5. మిగిలినవాటిలో నెలకు ఒక వారాంతం మీ ఇద్దరికే. దానికి రంగు వేయండి.

రంగు వేసిన వారాంతానికి పిలుపు వస్తే వట్టి "కుదరదు" అనొద్దు, బదులు తేదీ ఇవ్వండి. "అమ్మా, ఈ ఆదివారం మేమిద్దరం ఊళ్లో ఉండట్లేదు. వచ్చే ఆదివారం పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉంటాం, గుత్తొంకాయ చేయాలి నువ్వు." ఎవరి పుట్టింటికి వాళ్లే చెప్పాలి. కోడలి చేత అత్తగారికి, అల్లుడి చేత మామగారికి కాదనిపిస్తే మాట నిష్ఠూరంగా వినిపిస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇదే చిక్కు ఫోన్ కాల్స్ రూపంలో వస్తుంది. డాలస్‌లో వేసవి శనివారం రాత్రి తొమ్మిదైతే ఇక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర. ఇరువైపుల తల్లిదండ్రులకూ వారానికి ఒక నిర్ణీత సమయం చెప్పి ఆ మాట తప్పకండి. సమయం తెలిస్తే వాళ్లు కూడా నడివారంలో కంగారుపడి చేయరు.

"విశేషం ఏమైనా ఉందా?" అన్న ప్రశ్న ప్రతి భోజనంలోనూ వస్తుంది. ఇంట్లోనే ఇద్దరూ ఒక జవాబు అనుకుని, ఎవరినడిగినా అదే చెప్పండి: "ఉంటే ముందు మీకే చెప్తాం పిన్నీ." కారణాలు వివరించకండి, వివరిస్తే చర్చ అవుతుంది. పిల్లలు వద్దన్నది స్థిర నిర్ణయమైతే అది భోజనాల దగ్గర కాకుండా, తల్లిదండ్రులకు విడిగా, ఇద్దరూ కూర్చుని ఒకేసారి చెప్పాల్సిన విషయం.

## 8. ప్రయాణాలు

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటాయి. జనవరి 12న ఊరికి వెళ్లాలంటే నవంబర్ 13 పొద్దున సిద్ధంగా ఉండాలి. ఆ తేదీలు కూడా క్యాలెండర్‌లో రాయండి.

హైదరాబాద్ నుంచి ఒక్కరోజుకు అనంతగిరో, భువనగిరి కోటో, పోచంపల్లో ఏదో ఒకటి చాలు. అనంతగిరికి కారు లేకపోయినా వికారాబాద్ దాకా రైలు ఉంది. రామప్పకు ఒక్కరోజులో పరుగెత్తొద్దు, వరంగల్‌లో రాత్రి ఉండి వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోటతో కలపండి. శ్రీశైలం రోడ్డు అడవిలోంచి వెళ్తుంది, రాత్రిపూట చెక్‌పోస్టులు మూసేస్తారు, కాబట్టి శుక్రవారం ఆఫీసయ్యాక బయల్దేరే ఆలోచన మానండి.

వరుస సెలవుల్లో అందరూ బయల్దేరతారు. పిల్లల బడి సెలవులతో మీకు పనిలేదు, అదే మీకున్న వెసులుబాటు. వరుస సెలవుల్లో ఇంట్లో ఉండి, మామూలు వారంలో మంగళ, బుధవారాలు లీవు పెట్టి వెళ్లండి. గదులూ చవక, చోట్లూ ఖాళీ. తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసు పెట్టుకోవద్దు, కనీసం ఒక పూట ఇంట్లో ఉండేలా చూడండి.

## 9. ఎక్కడ చెడుతుంది, ఏం చేయాలి

ప్లాన్ వేసేది ఎప్పుడూ ఒకరే. నెల మార్చి నెల వంతు వేసుకోండి. వంతు ఉన్నవాళ్లు చోటు, టికెట్లు, భోజనం అన్నీ చూడాలి. రెండోవాళ్లు వెళ్లాక వంకలు పెట్టకూడదు.

ప్రతి గంటా నిండిపోయింది. క్యాలెండర్ చూస్తే ఆయాసం వస్తోందంటే మూడో వంతు కొట్టేయండి. ముందు మనుషుల పూటలు కాదు, క్లాసులు తగ్గించండి.

డబ్బు మీద గొడవ. సరదాలకు నెలకింత అని విడి ఖాతాలోనో కవరులోనో పెట్టండి. అందులో కొంత ఒక్కొక్కరికీ లెక్క చెప్పనక్కర్లేని సొమ్ము.

మూడు వారాలు బాగా నడిచి ఆగిపోయింది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజో, ఇంట్లో జ్వరమో కారణమై ఉంటుంది. మొత్తం మళ్లీ మొదలుపెట్టకుండా ఒక్క గురువారం పావుగంట తిరిగి పట్టుకోండి. మిగతావి దాని వెనకే వస్తాయి.

## 10. నెలాఖరు చూపు

నెల చివరి ఆదివారం ఇరవై నిమిషాలు, క్యాలెండర్ ముందు పెట్టుకుని:

- ఇద్దరి సొంత దఫాలూ ఎన్ని జరిగాయి, ఎన్ని రద్దయ్యాయి?
- రంగు వేసిన వారాంతం దక్కిందా?
- ఎవరి మీద ఇంటిపని బరువు పెరిగింది? ఏ పని చేతులు మారాలి?
- వచ్చే నెలలో రిజర్వేషన్ తెరుచుకునే తేదీలు ఏవైనా ఉన్నాయా?
- మానేయాల్సింది ఒకటి ఏది?

ఆఖరి ప్రశ్నకు ప్రతి నెలా ఏదో ఒక జవాబు రాయండి. కొత్తది చేర్చాలంటే ముందు దాన్ని కొట్టేశాకే.